అవధాని పూరించిన సముద్రం

నమోదు 1
సిగ్నల్: పడుతూ లేస్తూ. ఆపరేటర్: అదే రకం.

రేడియో వినేవాడు రోజూ లాగ్‌బుక్ రాయాలి. మా వాళ్ళలో తరతరాలుగా వస్తున్న కట్టుబాటు ఇది. ఏ వేళ విన్నాం, ఏ తరంగం మీద విన్నాం, ఎంత స్పష్టంగా విన్నాం, ఈ మూడు ముక్కలు రాసి సంతకం పెడితే చాలు. మూడు ముక్కలు రాసి ఊరుకోగలిగిన వాణ్ణయితే నా బతుకు ఇంకో రకంగా ఉండేది. నా భార్య గున్నమ్మ మాటల్లో చెప్పాలంటే, "మా మావని టైమెంతయ్యిందని అడిగితే గడియారం కనిపెట్టినోడి పెళ్ళి కాణ్ణుంచి మొదలెడతాడు."

నా పేరు బైరాగి. టోల్‌పేటలో మైక్ బైరాగి అంటే చెబుతారు. సముద్రం పాత ఊళ్ళన్నీ మింగుకుంటూ వచ్చి పెద్ద రోడ్డు గట్టు దగ్గర ఆగింది. మేమూ అక్కడే ఆగాం. ఒకప్పుడు లారీలు నిలబడి టోల్ కట్టిన గేట్లకి ఇప్పుడు పడవలు కడతాం. మొదటి మూడు లైన్లలో పడవలు, నాలుగో లైన్ అద్దాల గదిలో నేను, ఐదో లైన్లో చేపల వేలం. లైన్ తప్పి నడిస్తే ఇప్పటికీ తిడతారు.

నాకు పెద్ద చదువు లేదు. పెళ్ళిళ్ళకి మైక్ సెట్లు అద్దెకిచ్చేవాణ్ణి. ఒకసారి ఆంప్లిఫయర్ కాలిపోతే విప్పి చూశాను. ఏమీ అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని మూసిపెట్టే అలవాటు లేక ఇంకొకటి విప్పాను. అలా ఊళ్ళో చాలా రేడియోలు నా చేతిలో పోయాక ఒకటి పలికింది. దాన్ని నేను విద్య అంటాను. ఆ రేడియోల సొంతదారులు వేరే మాట అనేవారు. తర్వాత ఆకాశంలో ఉపగ్రహాలు ఒకదాన్నొకటి గుద్దుకుని చెత్త కుప్పయ్యాయి. జేబుల్లో ఫోన్లు పలకలుగా కూడా పనికిరాకుండా పోయాయి. అప్పుడు నా విద్యకి విలువ వచ్చింది.

ఇక అసలు పని. దూరంగా దీవి మీద ఒక స్టేషన్ ఉంది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, నంబరు వేసి వాతావరణం పంపుతుంది. మధ్యాహ్నం పొద్దుటిదే మళ్ళీ పంపుతుంది. మాటలు కావు, కీచురాళ్ళ అరుపులా ఉంటుంది. నా పాత కంప్యూటర్ ఆ అరుపుని అక్షరాలుగా మారుస్తుంది. స్టేషన్ వాళ్ళ ముందుచూపేమిటంటే, ప్రతి అక్షరాన్నీ రెండుసార్లు పంపుతారు. ఒకటి పాడైతే రెండోది దక్కుతుందని. రెండూ పాడైతే కంప్యూటర్ అక్కడ ఒక చుక్క పెడుతుంది.

ఈరోజు వచ్చింది: "గాలి నై•• నుంచి గంటకి •2 మైళ్ళు."

నైరుతి సరే. పన్నెండా, ఇరవై రెండా, ముప్ఫై రెండా? ఇలాంటప్పుడు నేను కిటికీలోంచి తల బయటపెట్టి, ఏంటెన్నా తీగ మీద గున్నమ్మ ఆరేసిన చీర ఎంత ఎగురుతోందో చూసి, మైకులో "పన్నెండు" అని చదివేస్తాను. అది ఏంటెన్నా అనీ, దాని మీద బట్టలూ చేపలూ ఆరెయ్యకూడదనీ నేను చెప్పని రోజు లేదు. ఊళ్ళో గట్టి తీగ అదొక్కటే అని ఆవిడ చెప్పని రోజూ లేదు.

నమోదు 2
సిగ్నల్: చుక్కలు. ఆపరేటర్: చుక్కల మీద విజయం.

కొండ ఊళ్ళ నుంచి పాత సామాన్లు తెచ్చే వర్తకుడు రెండు బుట్టల ఎండు నెత్తళ్ళు తీసుకుని నాకొక పెట్టె ఇచ్చాడు. రేడియోకీ కంప్యూటర్‌కీ మధ్య పెడితే చుక్కలున్న చోట సరైన అక్షరాలు అదే ఊహించి నింపుతుందట. ముందు దానికి పాత వార్తలు తినిపించాలి. నా దగ్గరున్న బులెటిన్లన్నీ తినిపించాను. అవధానంలో పృచ్ఛకుడు చిక్కు పాదం ఒకటి విసిరితే మిగతా మూడూ అల్లేసినట్టు, "వా•వ్యం" అని వచ్చీ రాకముందే "వాయవ్యం" అని పూర్తిచేసేస్తోంది. అందుకని దానికి అవధాని అని పేరు పెట్టాను. అద్దాల గదిలో ఇద్దరు పండితులమయ్యాం.

సాయంత్రం మొదటిసారి తడబడకుండా చదివాను. రేవులో వల బాగుచేసుకుంటున్న దాలయ్య తలెత్తి చూశాడు. దాలయ్య గున్నమ్మ తమ్ముడు. అతని పడవ ఎటు తిరిగితే మిగతా పడవలు అటు తిరుగుతాయి. అతను నమ్మని మనిషి ఊళ్ళో నేనొక్కణ్ణే.

"ఏటి బావా, ఇయ్యాల మద్దెలో దగ్గలేదు, నీళ్ళు తాగలేదు. ఒంట్లో బాగుందా?"

"అవధాని వచ్చాడ్రా."

"ఆడెవడో మంచోడిలాగున్నాడు. నీ బదులు ఆణ్ణే సదవమను."

గున్నమ్మ కూడా సంతోషించింది. కారణం వేరు. "ఇంక ఆ కీచురాళ్ళ గోల ఆపీ మావా. సెవుల్లో పురుగు దూరినట్టున్నాది." నిజమే, అక్షరాలు వాటంతట అవే వస్తుంటే చప్పుడు వినాల్సిన పనేముంది? స్పీకర్ తీసేశాను.

నమోదు 3
సిగ్నల్: అద్భుతం. ఆపరేటర్: అంతకంటే అద్భుతం.

మొన్న మధ్యాహ్నం ఒక పెద్ద గాలి వీచి పోయింది. ఆ వేళకి నేను గది వెనక గొయ్యి తవ్వుతున్నాను. మంచి ఎర్త్ ఉంటే రేడియో బాగా వింటుందని ఎక్కడో చదివాను. ఇంట్లో రాగి వస్తువు ఒకటే ఉంది, గున్నమ్మ పుట్టింటి బిందె. దాన్ని ఉప్పునీళ్ళతో నింపి, వైరు కట్టి, పాతిపెట్టాను. అప్పటి నుంచి చూడాలి! బులెటిన్‌లో ఒక్క చుక్క లేదు. వాక్యాలు ముత్యాలు. గాలి ఎంత, అల ఎంత, మబ్బు ఎంత, ఒకదాని తర్వాత ఒకటి. ఇన్నేళ్ళలో ఇంత శుభ్రమైన సిగ్నల్ నేనెరగను. బిందె మహిమ మీద రేవులో ఒక ఉపన్యాసం ఇచ్చాను. విన్నవాళ్ళు తక్కువ. బిందె కోసం వెతుకుతున్న గున్నమ్మ మాత్రం మొత్తం విన్నది.

సముద్రం ప్రశాంతం, ఐదు రోజుల దాకా ప్రశాంతమే అని బులెటిన్. లోతు సముద్రంలో చేప పడుతోందని తెలిసి ఆరు పడవలు తెరచాపలు సర్దుకున్నాయి. ముందు దాలయ్యది.

ప్రయాణానికి ముందు ప్రతి పడవ చీటీ సెట్‌లో కాగితం చుట్టడం నా పని. చీటీ సెట్ వినడమే గానీ మాట్లాడదు. నేను గదిలోంచి పంపే బులెటిన్ (పంపడానికి వేరే చిన్న ఏంటెన్నా ఉంది) అక్కడ చిన్న కాగితం మీద అచ్చవుతుంది. కాగితం కరువు కాబట్టి ఒకసారి వచ్చిన నంబరు మళ్ళీ వస్తే అది పట్టించుకోదు. సున్నా సున్నా అనే నంబరుకి మాత్రం ఆ నియమం లేదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడే దాన్ని వాడాలి. ఎన్నిసార్లు వచ్చినా అచ్చు వేస్తుంది, గంట కూడా కొడుతుంది. ఒకసారి నా పుట్టినరోజు భోజనాలకి అందరూ తొందరగా రావాలని సున్నా సున్నా కొట్టాను. వలలు కోసుకుని వచ్చేశారు. భోజనాలు జరగలేదు.

దాలయ్య కాగితం చుట్ట అందుకుంటూ, "బావా, పులుసు వండినారని గంట కొట్టకు. ఈసారి కొడితే సెట్ తీసి నీళ్ళలో పడేస్తాను," అన్నాడు.

"నీకసలు చీటీ ఎందుకురా? గాలి వాసన చూసి చెప్తావుగా."

"వాసన నీ దగ్గరే వస్తన్నాది. తానం చెయ్యి."

నమోదు 4
సిగ్నల్: రాయడానికి చెయ్యి రావడం లేదు.

పొద్దున నలభై ఏడో నంబరు వచ్చింది. సముద్రం ప్రశాంతం. మైకులో చదివాను, పడవలకి పంపాను. తర్వాత గున్నమ్మ పిలిచింది.

"మావా, తీగ వదులైపోనాది. సేపలు నేలకి తగల్తన్నాయి. కాస్త బిగించీ."

ఏంటెన్నా మీద ఆరెయ్యకూడదన్న ఉపన్యాసం మొదలుపెడుతూనే మెట్లెక్కి గేట్ల కప్పు మీదికి వెళ్ళాను. తీగ ఈ చివర నుంచి ఆ చివర దీపస్తంభం దాకా ఉంటుంది. సగం దూరం వెళ్ళాక నా చేతిలో ఉన్నది రాగి తీగ కాదు. నీలం రంగు నైలాన్ తాడు. గదిలోకి దిగాల్సిన మొన గాలిలో వేలాడుతోంది.

"గున్నా, ఇదేటే?"

"తాడు."

"తీగేదే?"

"ఆ పెద్దగాలికి తెగిపోనాది కదా. సీరలన్నీ మట్టిలో పడిపోతే నానే ముడేసినాను. నీకు సెప్పినాను కూడా."

"నాకెప్పుడు సెప్పావే?"

"నా బిందె పాతుతున్నప్పుడు. ఊఁ అన్నావు."

నేను మెట్లు దిగిన తీరు గురించి రాయను. స్పీకర్ తగిలించాను. కీచురాళ్ళు లేవు. మూకుడులో నూనె కాగుతున్న చప్పుడు, అంతే. తెర మీద మాత్రం అవధాని చక్కగా రాస్తూనే ఉంది, మబ్బులు అక్కడక్కడా అని. రేడియో ఆపేశాను. అవధాని కాసేపు ఆగి, దృశ్యగోచరత బాగుంటుందని రాసింది.

చుక్కలు నింపమని నేను తెచ్చిపెట్టిన పెట్టె అది. తీగ తెగాక దానికి వచ్చినవన్నీ చుక్కలే. నింపింది. పాపం, దానికి ఎవరూ ఆగమని చెప్పలేదు. అది చేసినదానిలో కొత్తేముంది? నేను ఇన్నాళ్ళూ చీర చూసి చేసిన పనే, చీర చూడకుండా చేసింది.

ఇవన్నీ ఇప్పుడు తీరిగ్గా రాస్తున్న మాటలు. అప్పుడు నా తలలో ఒకటే ఉంది. ఆరు పడవలు నా మాట మీద లోతు సముద్రంలో ఉన్నాయి. అసలు స్టేషన్ ఏం చెబుతోందో నాకు తెలియదు.

అవధానిని పీకి పక్కన పెట్టాను. తెగిన మొనలు కలిపి మెలితిప్పి, గున్నమ్మని కిందనుంచి పట్టుకోమని కేకేసి బిగించాను. మధ్యాహ్నం వేళయింది. కీచురాళ్ళు అరిచాయి. ఆ గోల విని కళ్ళలో నీళ్ళు తిరిగినవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

"నంబరు 47. తుపా• హెచ్చరిక. వాయుగుం• బలపడి ఉత్తర కో•కు వస్తోంది. రేపు సాయం•నికి గాలి గంటకి •5 మైళ్ళు. పడవలు ••నే ఒడ్డు చేరాలి."

నలభై ఐదా, డెబ్భై ఐదా? కిటికీ వైపు చూడలేదు.

నమోదు 5
అదే రోజు. ఆపరేటర్ గురించి రేవు అభిప్రాయం ఈ కాగితం మీద పట్టదు.

మైకులో ఉన్నదున్నట్టు చెప్పాను. తీగ తెగిందని, చూసుకోలేదని, అప్పటి నుంచి చదివినవన్నీ పెట్టె అల్లినవని. మైకు ముందు నా గొప్ప చెప్పుకోకుండా మాట్లాడటం అదే మొదలు. రేవు పెద్ద వాసుపల్లి ఎర్రమ్మ మూడు లైన్లు దాటుకుని వచ్చింది. ఆవిడ కొడుకు కూడా దాలయ్య పడవలోనే ఉన్నాడు.

"అన్నా, తిట్టడం రేపు పెట్టుకుంటాను. ముందు ఆళ్ళకి సెప్పు."

లెక్క తేలికే. వాళ్ళున్న చోటి నుంచి ఒడ్డుకి ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం. ఇప్పుడు తిరిగితే తుపానుకి ముందే వస్తారు. సాయంత్రం తిరిగితే రారు.

సరే, పంపాను. ఇక్కడే నా గొప్పతనం చూడాలి. జీవితంలో ఏ మాటనీ ఉన్నదున్నట్టు ఇంకొకరికి అందించని నేను, బుద్ధొచ్చి, స్టేషన్ పంపినదాన్ని అక్షరం మార్చకుండా పంపాను. చుక్కలతో సహా. నంబరుతో సహా.

ఎర్రమ్మ అద్దంలోంచి, అవతల తన గది గుమ్మానికి వేలాడే చీటీ సెట్ వైపు చూస్తోంది. రేవులో ఉన్నా అది పడవల్లో సెట్లలాంటిదే.

"అన్నా, సీటీ రాలేదే?"

మళ్ళీ పంపాను. సెట్ కదల్లేదు.

"దీనికేటైనా రోగమా?"

రోగం దానికి కాదు. పొద్దున అవధాని అల్లిన ప్రశాంత సముద్రానికి వరస ప్రకారం అదే వేసిన నంబరు నలభై ఏడు. ఇప్పుడొచ్చిన తుపానుకీ నంబరు నలభై ఏడే. ఇది అచ్చు వేసేసిందే కదా అని చీటీ సెట్లన్నీ ఊరుకున్నాయి. ఒక్కసారి నిజాయితీగా ఉందామనుకుంటే దానికీ దారి మూసేసుకున్నాను.

"నంబరు మార్చి పంపీ," అంది ఎర్రమ్మ.

"పంపొచ్చు. కానీ మామూలు చీటీని ఆళ్ళు వంట వేళకి గానీ చూడరు."

ఇక మిగిలింది సున్నా సున్నా. గంట మోగుతుంది. మోగితే దాలయ్య ఏమంటాడో నాకు తెలుసు. బావ ఇంట్లో పులుసు వండారంటాడు. పొద్దుటి చీటీ ప్రశాంతం అంటుంది, ఇప్పుడొచ్చింది తుపాను అంటుంది. రెండూ పంపింది నేనే. ఏది నమ్మాలి? నేనైతే చేపలు పట్టుకోనిచ్చే చీటీనే నమ్ముతాను.

గంభీరంగా ఒక హెచ్చరిక రాయడం మొదలుపెట్టాను. "సమస్త మత్స్యకార సోదరులకు..."

గున్నమ్మ ఎప్పుడొచ్చిందో వెనక నిలబడి ఉంది. చీరకి తుప్పు మరకలు. ఈ గదిలోకి ఆవిడ నాకు కాఫీ ఇవ్వడానికి కూడా రాదు. గుమ్మం బయటే పెట్టి పోతుంది.

"జరుగు. నువ్వు రాసింది ఆడు నమ్మడు. నాను సెప్తాను, అదెక్కించు."

ఆవిడ చెప్పింది. నేను కొట్టాను.

"దాలీ, నాను గున్నమ్మని. పొద్దుటి సీటీ అబద్ధం. తీగ తెగిపోతే మీ బావ సూసుకోలేదు. ఎదవ. రేపటికి తుపానొస్తంది. సేపలొగ్గేసి ఇంటికి రా. సిన్నప్పుడు నువ్వు కాలవలో పడిపోతే జుట్టట్టుకుని లాగినాను. ఇప్పుడు నీ జుట్టు నాకందదురా."

"సదువు," అంది.

చదివాను.

"ఆ మాట తీసీసినావేటి?"

"ఏ మాట?"

"నీకు తెలుసు."

తీసేశాను, నిజమే. అధికారిక ప్రసారంలో అలాంటి పదం ఉండకూడదనే నియమం ఉంది. ఎర్రమ్మ కూడా నా వైపే చూస్తోంది. మళ్ళీ పెట్టాను. సున్నా సున్నా కొట్టి వదిలాను. గుమ్మానికున్న సెట్ ఉలిక్కిపడి గంట కొట్టింది, కాగితం కక్కింది.

"ఇంకోసారి పంపు," అంది గున్నమ్మ.

"వెళ్ళిపోయిందే."

"అక్షరానికి అక్షరం రెండేసిసార్లు పంపుతారని నువ్వే కదేటి రోజూ వాగుతావు? పంపు."

అంటే ఇన్నేళ్ళూ వింటూనే ఉందన్నమాట. మళ్ళీ పంపాను.

నమోదు 6
మర్నాడు. సిగ్నల్: ఉరుముల గరగర. అటువైపు నుంచి జవాబు వచ్చే సాధనం లేదు.

ఏమీ చెయ్యలేనివాడు ఏం చేస్తాడో అన్నీ చేశాను. తీగ ముడి మళ్ళీ బిగించాను. బిందె తవ్వి తీశాను. తోమాను. గున్నమ్మ దాన్ని తీసుకుని నీళ్ళు పట్టింది. తిట్టి ఉంటే బాగుండేది.

మధ్యాహ్నానికి సముద్రం సీసం రంగుకి వచ్చింది. రేవు జనమంతా గేట్ల కప్పు మీదికెక్కారు. నా పక్కన చోటున్నా ఎవరూ నిలబడలేదు. వాన మొదలయ్యే వేళకి మొదటి తెరచాప కనబడింది. తర్వాత రెండు. తర్వాత ఇంకొకటి. నాలుగు పడవలు గేట్లలోకి దూరాయి. వాటిలో దాలయ్యది లేదు.

"ఆడు ముందు తిరిగినాడు," అన్నారు వచ్చినవాళ్ళు. "మాకు సెయ్యూపి, మళ్ళీ ఎనక్కెళ్ళినాడు. కడపటి పడవలో కాగితం అయిపోనాదేమో, అది ఇంకా వలేస్తన్నాది."

ఆ చుట్ట చుట్టింది నేనే. ఈ వాక్యం తర్వాత ఏదైనా హాస్యం రాద్దామని చాలాసేపు కూర్చున్నాను. రాలేదు.

ఎర్రమ్మ వానలో అలాగే నిలబడింది. గున్నమ్మ దీపస్తంభాన్ని పట్టుకుని నిలబడింది. నేను మైకు తీసుకుని, వినబడదని తెలిసీ, "దాలయ్యా, ఇటు, ఇటు" అని పిలుస్తూనే ఉన్నాను. మైకు సముద్రం వైపు తిప్పడం నా జీవితంలో మొదటిసారి. పెళ్ళిళ్ళలో జనం వైపు తిప్పేవాణ్ణి.

చీకటి పడబోయే ముందు రెండు పడవలు వచ్చాయి, ఒకదానికొకటి తాడు కట్టుకుని. వెనకదానికి తెరచాప కొయ్య లేదు. మనుషులు లెక్కకి సరిపోయారు. ఎర్రమ్మ కొడుకుని కొట్టింది, తర్వాత కావలించుకుంది. గున్నమ్మ తమ్ముడి తడిజుట్టు గుప్పిట పట్టుకుని ఒక్కసారి గట్టిగా లాగి వదిలేసింది.

దాలయ్య నా దగ్గరకొచ్చాడు. చొక్కా లోపల నుంచి నానిన చీటీ తీశాడు.

"గంట మోగితే నీ పులుసే అనుకున్నాను బావా. నీళ్ళలో పడేద్దామని సెట్ మీద సెయ్యేసినాను కూడా."

"మరి? కాలవ సంగతి చదివి నమ్మావా?"

"అక్కడిదాకా ఎళ్ళలేదు." చీటీ మీద వేలు పెట్టి చూపించాడు. "ఇదిగో, ఈ మాట. నీ రేడియోలోంచి నీ గురించి నిజం ఒకటొచ్చిందంటే, అది నువ్వు రాసింది కాదు, నీ పెట్టె రాసిందీ కాదు. మా అక్కే. అప్పుడే సుక్కాని తిప్పీసినాను."

నమోదు 7
సిగ్నల్: చుక్కలు. ఆపరేటర్: చుక్కలు.

తుపాను ఐదో లైన్ రేకులు పట్టుకుపోయింది. నా గదికి అద్దాలు లేవు. అవధాని అటక మీద ఉంది. దాని వైరు పీకేశాను. పీకానో లేదో మళ్ళీ వెళ్ళి చూసుకున్నాను. స్పీకర్ పెట్టుకుని కీచురాళ్ళ పక్కనే కూర్చుంటున్నాను. గున్నమ్మ చెవుల్లో దూది పెట్టుకుంది, గోల ఆపమనలేదు.

మైకులో చదవడం ఎర్రమ్మ నాకే ఉంచింది, ఒక షరతు మీద: చుక్కని చుక్కగానే చదవాలి, తెలీనిది తెలీదనాలి. నిన్న సాయంత్రం ఇలా చదివాను: "గాలి ఈశా... చుక్క, చుక్క, నాకు తెలీదు. గంటకి... చుక్క, ఎనిమిది. పద్దెనిమిదో, ఎనభై ఎనిమిదో, నాకు తెలీదు." ఈ రెండు మాటలు పలకడం నాకింకా అలవాటు కాలేదు. రేవులో జనం మాత్రం చెవి ఒగ్గి వింటున్నారు. కథలు చెప్పినన్నాళ్ళూ ఇంత శ్రద్ధగా విన్నవాళ్ళు లేరు.

"బావా, ఇయ్యాల ఎన్ని తెలీదులు?" అని దాలయ్య కిందనుంచి అరుస్తాడు.

"ఏడు."

"అయితే దగ్గర్లోనే ఏస్తాం."

గున్నమ్మ చెప్పిన ఆ చీటీని ఎర్రమ్మ తన గుమ్మానికి అంటించింది. ఊరికి వచ్చినవాళ్ళందరూ ఆగి చదువుతారు. నా గురించి అచ్చయిన ఒకే ఒక్క రచన అది. రెండు ప్రతులున్నాయి.

రోజూ పొద్దున లేవగానే గేట్ల కప్పు మీదికెక్కి ఈ చివర నుంచి ఆ చివర దాకా తీగ మీద చెయ్యి వేసుకుంటూ నడుస్తాను. చేపలు నా తలకి తగులుతాయి. వంగి నడుస్తాను. కింద పొయ్యి ఊదుతూ గున్నమ్మ అడుగుతుంది.

"తీగుందా?"

"ఉంది."

పొయ్యిలోకి కట్టె ఎగదోసి మళ్ళీ అడుగుతుంది.

"తీగుందా?"

మళ్ళీ చూసి, మళ్ళీ చెబుతాను.